ఎనిడ్ బ్లైటన్ పుస్తకాలు పిల్లలకి ఇవ్వొచ్చా? మా వసారా బీరువా దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో మా ఇంటి వసారాలో ఒక ఇనప బీరువా, రెండు చాపలు, ఓ టేబుల్ ఫ్యాను ఉన్నాయి. ఆదివారం పొద్దున్న పిల్లలు వచ్చి కూర్చుని చదువుకుంటారు, నచ్చింది ఇంటికి పట్టుకెళ్తారు. తెలుగు పుస్తకాలే ఎక్కువ. ఇంగ్లీషు వాటిలో అట్టలు ఊడి, నేను మళ్లీ మళ్లీ జిగురు పెట్టి అంటించాల్సి వచ్చేవి మాత్రం ఎప్పుడూ ఒకావిడవే. ఆవిడ పేరు ఎనిడ్ బ్లైటన్.

ఈమధ్య ఒక తల్లి, కూతురు పట్టుకెళ్లిన పుస్తకాన్ని మర్నాడే వెనక్కి తెచ్చారు. ఫోన్‌లో ఏదో వార్త చూపించి, "మాస్టారూ, ఈవిడకి జాతి వివక్ష అంట కదండీ, మీరు చూసుకోలేదా?" అన్నారు. చూసుకున్నాను. కానీ గేటు దగ్గర నిలబడి, స్కూటీ ఇంజను ఆపకుండా అడిగిన ప్రశ్నకి సగం జవాబే చెప్పగలం. తర్వాత మరో ఇద్దరు ముగ్గురు కూడా అడిగారు. అందుకే కూర్చుని రాశాను.

ఇంతకీ ఎవరీ ఎనిడ్ బ్లైటన్?

ఇంగ్లండ్ రచయిత్రి. 1897 ఆగస్టు 11న లండన్‌లో పుట్టింది. మన గురజాడ వారి 'కన్యాశుల్కం' తొలి కూర్పు అచ్చయిన సంవత్సరం కూడా అదే. ఈ ఊరి వాళ్లకి సులువుగా గుర్తుంటుందని ఆ ముక్క చెప్తున్నాను. గురజాడ వారితో ఇంకో పని కూడా ఉంది, అది కింద వస్తుంది.

తండ్రి చాకులు, చెంచాలు, ఫోర్కులు అమ్మే వ్యాపారంలో ఉండేవాడు. పసిబిడ్డకి కోరింత దగ్గు వచ్చి ఇక దక్కదనుకున్నప్పుడు రాత్రంతా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఆయనే. మొక్కల పేర్లు, పిట్టల పేర్లు, పుస్తకాల మీద ఇష్టం, అన్నీ ఆయన దగ్గర నుంచి వచ్చినవే. ఆమెకి పదమూడేళ్లు నిండిన కొద్ది రోజులకే ఆయన ఇంకొకావిడ కోసం ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. నలుగురిలో పరువు పోతుందని తల్లి ఆ సంగతి బయటికి పొక్కనివ్వలేదు. పిల్ల గది తలుపేసుకుని రాసుకోవడం మొదలుపెట్టింది.

ఆమె కథల్లో పెద్దవాళ్లు ఎప్పుడూ ఎక్కడికో వెళ్లి ఉంటారు. పిల్లలే దీవుల మీద, గుహల్లో తిరుగుతూ అన్నీ చక్కబెట్టుకుంటారు. అవి చదివినప్పుడల్లా నాకు ఆ మూసిన తలుపే గుర్తొస్తుంది.

టీచర్ ట్రైనింగ్ అయ్యాక కొన్నేళ్లు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పింది. 1922లో 24 పేజీల పద్యాల పుస్తకంతో రచయిత్రి అయింది. 1924లో హ్యూ పొలాక్ అనే ఎడిటర్‌ని పెళ్లి చేసుకుంది. ఇద్దరు ఆడపిల్లలు, గిలియన్, ఇమోజెన్. 1942లో విడాకులు. మరుసటి ఏడాది కెన్నెత్ వాటర్స్ అనే సర్జన్‌తో రెండో పెళ్లి. చివరి రోజుల్లో మతిమరుపు జబ్బు పట్టుకుంది. 1968 నవంబరు 28న, 71 ఏళ్ల వయసులో పోయింది.

ఎన్ని పుస్తకాలు రాసింది? అన్నీ ఆవిడే రాసిందంటారా?

చిన్నా పెద్దా కలిపి 700 పైచిలుకు. మా బీరువాలో ఎక్కువగా తిరిగేవి ఫేమస్ ఫైవ్ (1942 నుంచి 1963 దాకా 21 పుస్తకాలు), సీక్రెట్ సెవెన్ (15), మలోరీ టవర్స్ (6). చిన్నవాళ్లకి నోడీ అనే కొయ్యబొమ్మ కథలు (24).

ఒళ్లో టైపురైటర్ పెట్టుకుని రోజుకి ఆరు వేల నుంచి పది వేల మాటల దాకా కొట్టేదట. పక్కన ఒక ఎర్ర శాలువా ఉండాలి, ఆ రంగు చూస్తే మనసు కదులుతుందని నమ్మకం. ముందుగా కథ అనుకోవడం లేదు, నోట్సు లేదు. కళ్లు మూసుకుంటే లోపల సినిమా తెర మీద ఆడినట్టు పాత్రలు వాటంతటవే నడుస్తాయని, తను చూసింది రాసుకోవడమేనని పీటర్ మెకెల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకి ఉత్తరాల్లో చెప్పింది.

ఇంత వేగం చూసి, వెనకాల జీతగాళ్లని పెట్టుకుని రాయిస్తోందని పుకారు పుట్టింది. ఆమె ఊరుకోలేదు. 1955లో ఆ మాటన్న ఒక లైబ్రేరియన్ మీద కోర్టుకెళ్లి అందరి ముందూ క్షమాపణ చెప్పించుకుంది. నన్నడిగితే కోర్టు దాకా వెళ్లక్కర్లేదు. పది పుస్తకాలు వరసగా చదివితే చాలు. పదిమంది రాసుంటే అన్నీ ఒక్కలా ఉండేవి కావు.

మరి గొడవంతా దేనికి?

గొడవలు రెండు. మొదటిది భాష గురించి, రచన నాణ్యత గురించి. మాటలు తక్కువ, కథలన్నీ ఒకే మూస, పిల్లల బుర్రకి పని చెప్పవు అని లైబ్రేరియన్లు, టీచర్లు అనేవారు. కొన్ని లైబ్రరీలు ఆమె పుస్తకాలు కొనడం మానేశాయి. బీబీసీ రేడియో వాళ్లు దాదాపు ముప్పై ఏళ్లు ఆమె కథల్ని దగ్గరికి రానివ్వలేదు. 1958లో కోలిన్ వెల్ష్ అనే ఆయన పాపం నోడీని ఏకిపారేస్తూ ఒక పెద్ద వ్యాసమే రాశాడు. పిల్లలు మాత్రం ఇవేవీ పట్టించుకోలేదు, చదువుతూనే పోయారు.

రెండో గొడవ అసలైనది. నల్లవాళ్లని, విదేశీయుల్ని, సంచార జాతుల్ని, పేదవాళ్లని ఆమె చూపించిన తీరు. ఇది ఈ కాలం వాళ్లు తవ్వి తీసిన తప్పు అనుకోకండి. ఆమె బతికుండగానే, 1960లో, మాక్‌మిలన్ ప్రచురణ సంస్థ ఆమె రాతప్రతి ఒకటి వెనక్కి పంపింది. దొంగలు 'విదేశీయులు' కాబట్టే దొంగలన్నట్టు రాసిందని, రాతప్రతులు చదివి చెప్పే వాళ్ల రీడర్ అభ్యంతరం. వేరే సంస్థ దాన్ని మరుసటి ఏడాది వేసింది. 2016లో బ్రిటన్ టంకశాల ఆమె పేరు మీద నాణెం వెయ్యాలన్న ఆలోచనని ఈ కారణాలతోనే పక్కన పెట్టింది. 2021లో, ఆమె ఉన్న ఇంటికి గుర్తుగా నీలం ఫలకం పెట్టిన ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ, ఆమె గురించిన పరిచయంలో ఈ విమర్శలు కూడా చేర్చిందని వార్తలొచ్చాయి. ఆ తల్లి ఫోన్‌లో చూపించిన వార్త ఇదే.

సంచార జాతుల సంగతి మనకి కొత్త కాదు. ఆమె కథల్లో ఏ వస్తువు పోయినా ముందు అనుమానం బండ్లలో తిరిగేవాళ్ల మీద, సర్కస్ వాళ్ల మీద. మన దగ్గర 1871లో తెల్లవాళ్లు ఏకంగా కొన్ని జాతుల్ని పుట్టుకతోనే నేరస్తులని చట్టం చేశారు. ఆ చట్టం పోయి, 1952 నుంచి దేశమంతటా వాళ్లకి ఆ ముద్ర తీసేశారు. కాగితం మీద తీసేశారు. మొన్న మా వీధిలో సైకిల్ పోతే ఎవర్ని ఆపి అడిగారో నేను చూశాను.

గాలీవాగ్ అంటే ఏంటి మాస్టారూ? మా వాడు దయ్యమా అని అడిగాడు.

దయ్యం కాదు, గుడ్డ బొమ్మ. నల్లటి మొహం, గుండ్రటి కళ్లు, ఎర్రటి పెద్ద పెదాలు, నిక్కబొడుచుకున్న జుట్టు. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో ఇంటింటా ఉండేది. నల్లవాళ్లని వెక్కిరించడానికి తెల్లవాళ్లు మసి పూసుకుని స్టేజీ మీద వేసే వేషాల నుంచి వచ్చిన రూపం అది.

నోడీ మొదటి పుస్తకం 1949లో వచ్చింది. 1951లో వచ్చిన ఒక నోడీ పుస్తకంలో గాలీవాగ్‌లు చీకటి అడవిలో నోడీని పట్టుకుని బట్టలు విప్పించి, కారు లాక్కుని పోతారు. గ్యారేజ్ నడుపుకునే మంచి గాలీవాగ్ కూడా ఆ ఊళ్లో ఉంటాడు, అది కూడా చెప్పాలి. కానీ పిల్లాడి మనసులో ఉండిపోయేది చీకట్లో వచ్చిన నల్ల మొహాలే. 1980ల చివర్లో ఆ దొంగల్ని తీసేసి గోబ్లిన్‌లు అనే కురచ పిశాచాల్ని పెట్టారు. మీ పిల్లల చేతిలో ఉన్న కొత్త పుస్తకాల్లో గాలీవాగ్ కనబడడు.

'నల్ల బొమ్మ' కథ ఒకటి ఉందట. అదంత ఘోరమా?

ఘోరమే. నేను రిటైరయ్యాక విశాఖపట్నంలో పాత పుస్తకాల కొట్టులో కొన్న ఒక సంకలనంలో దొరికింది. కథ చిన్నదే. సాంబో అనే బొమ్మ ఉంటుంది. మొహం నల్లగా ఉందని దాన్ని మిగతా బొమ్మలు దగ్గరికి రానివ్వవు, ఆ ఇంటి పాపకి కూడా దాని మొహం నచ్చదు. బొమ్మ ఇల్లు వదిలి పారిపోతుంది. ఒక చిన్న వనదేవతకి సాయం చెయ్యడానికి వానలో పరిగెత్తుతుంది. వానకి నల్లరంగు కడుక్కుపోయి మొహం గులాబీ రంగులోకి వస్తుంది. ఇంటికొస్తే అందరూ ఆనందంగా చేర్చుకుంటారు. 1966లో 'గార్డియన్' పత్రికలో లీనా జీగర్ అనే ఆవిడ దీన్ని ఉతికి ఆరేసింది.

ఆ బొమ్మ చేసిన మంచిపనికి బహుమానం తెల్లబడటం. ఎవరూ దానికి క్షమాపణ చెప్పరు. అసలు క్షమాపణ చెప్పాల్సిన సంగతి ఉందన్న ఊహే ఆ కథలో లేదు.

పోయిన వేసవిలో నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి ఈ కథ తెలుగులో చెప్పాను. ముందుగా నేనేమీ అనలేదు. అయిపోయాక ఒక పిల్లాడు నవ్వి, "మా మామ్మ కూడా చెల్లికి సున్నిపిండి పెట్టి అలాగే రుద్దుద్ది, తెల్లగా వస్తాదని" అన్నాడు. అందరూ నవ్వారు. మూల కూర్చున్న ఒక అమ్మాయి నవ్వలేదు. కాసేపాగి అడిగింది: "మాస్టారూ, వాన రాకపోతే?"

ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను, అంత మంచి ప్రశ్న ఏ క్లాసులోనూ ఎదురవలేదు. ఆ పూటంతా దాని మీదే నడిచింది. వాన రాకపోతే ఆ బొమ్మ ఎక్కడుండేది? పాప ఎప్పటికైనా మనసు మార్చుకునేదా? ఒకడు పాపకే మసి పూసేద్దామన్నాడు. ఇంకొకడు వనదేవత ఇంట్లోనే బొమ్మని ఉంచేద్దామన్నాడు, ఆ ఇంట్లో ఎవరూ రంగు గురించి మాట్లాడరు కదా అని.

తెల్లవాళ్ల దేశంలో ఎవరో రాసిన కథ కదా, మనకెందుకు అంటారా? మన ఇళ్లలో కడుపుతో ఉన్న కోడలికి పాలల్లో కుంకుమపువ్వు ఎందుకు కలుపుతాం? పురిటి గదిలోంచి బయటికొచ్చిన వాళ్లని ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగాక రెండో ప్రశ్న ఏం అడుగుతాం? నా సంగతే చెప్తాను. మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నప్పుడు ఫోటో తీయించడానికి నేనే తీసుకెళ్లాను. "కాస్త లైటు ఎక్కువ పెట్టవయ్యా" అని స్టూడియో అబ్బాయితో అన్నది నేనే, పిల్ల పక్కనే నిలబడి ఉండగా. అది ఏమీ అనలేదు. పదిహేనేళ్లయింది. ఈ కథ చదివిన రోజు రాత్రి ఫోన్ చేసి అడిగితే, "గుర్తుంది నాన్నా" అంది.

కొత్త ముద్రణల్లో అన్నీ మార్చేశారు కదా. అలా మార్చొచ్చా?

చాలా మార్చారు. మ్యాజిక్ చెట్టు కథల్లో పిల్లల్ని చెంపదెబ్బలు కొట్టే టీచరమ్మ డేమ్ స్లాప్ ఇప్పుడు అరిచి ఊరుకునే డేమ్ స్నాప్. ఫ్యానీ ఫ్రానీ అయింది, డిక్ రిక్ అయ్యాడు. ఆ పేర్లకి ఇంగ్లీషులో బూతర్థాలు వచ్చాయి, అదీ సంగతి. 2010లో హాడర్ ప్రచురణ సంస్థ ఫేమస్ ఫైవ్‌లో పాత మాటలన్నీ తీసి ఈ కాలం ఇంగ్లీషు పెట్టింది. చదివేవాళ్లకి నచ్చలేదు. 2016లో ఆ ప్రయత్నం పని చెయ్యలేదని వాళ్లే ఒప్పుకుని పాత పాఠానికి వెళ్లిపోయారు.

ఇక్కడ గురజాడ వారిని పిలవాలి. 1897లో అచ్చేసిన 'కన్యాశుల్కం'ని ఆయనే 1909లో దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. మనం ఇవాళ ఆడేది, చదివేది ఆ రెండోదే. అయినా మొదటి కూర్పు ఎక్కడికీ పోలేదు. రెండూ పక్కన పెట్టుకుని ఏం మారింది, ఎందుకు మారింది అని చూసుకోవచ్చు. మార్చినాయన కూడా రాసినాయనే.

బ్లైటన్ పోయాక మార్చినవాళ్లు ప్రచురణకర్తలు. అమ్ముడుపోవాలి, చెడ్డపేరు రాకూడదు, అంతే వాళ్ల లెక్క. బడికెళ్లని పసిపిల్లల పుస్తకంలో గాలీవాగ్ దొంగల్ని తీసేస్తే నాకు ఏ బాధా లేదు, తియ్యాల్సిందే. కానీ మార్చామని అట్ట మీదో లోపలో ఒక్క ముక్క చెప్పకుండా మార్చడం నచ్చదు. మచ్చలన్నీ కడిగేసిన పుస్తకం చదివి, ఆవిడ ఎంత మంచిదో అనుకుంటాం. వానకి కడిగిన బొమ్మ కథే మళ్లీ.

ఫేమస్ ఫైవ్‌లో ఆడపిల్లల చేత గిన్నెలు తోమిస్తారని మా అమ్మాయికి కోపం వచ్చింది.

రావాలి. ఆన్ అనే చిన్న పిల్ల ఎక్కడ గుడారం వేసినా వంటా వార్పూ చూసుకుంటుంది, గుహలో కూడా అల్మరా సర్దుతుంది. కానీ అదే గుంపులో జార్జ్ ఉంది. అసలు పేరు జార్జినా. అలా పిలిస్తే పలకదు. జుట్టు కత్తిరించుకుని, పడవ నడిపి, అబ్బాయిల కంటే బాగా ఈదుతుంది. జార్జ్ తనేనని బ్లైటన్ తర్వాత ఒప్పుకుంది. మా దగ్గరికొచ్చే ఆడపిల్లల్లో ఆన్ కావాలనుకున్న పిల్ల ఒక్కర్తీ నాకు తగల్లేదు. మీ అమ్మాయిని అడగండి, తను జార్జే అయ్యుంటుంది.

అయితే ఒక సంగతి గమనించండి. జార్జ్‌కి స్వేచ్ఛ కావాలంటే అబ్బాయిలా మారాలి. ఆడపిల్లగా ఉండి పడవ నడపొచ్చన్న ఊహ ఆ రచయిత్రికి కూడా రాలేదు.

సొంత పిల్లల్నే సరిగ్గా చూసుకోలేదంటారు, నిజమేనా?

ఇద్దరు కూతుళ్లు రెండు మాటలు చెప్పారు. చిన్నమ్మాయి ఇమోజెన్ 1989లో తన బాల్యం గురించి పుస్తకం రాసింది. తల్లికి గర్వం ఎక్కువని, తల్లి ప్రేమ అన్నది మచ్చుకైనా లేదని అందులో అంటుంది. పెద్దమ్మాయి గిలియన్ మాత్రం ఆమె ప్రేమగల తల్లి, మంచి తోడు అంది. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరికీ తల్లి వేరు వేరుగా కనబడటం మనకి తెలియని విషయమేమీ కాదు. నాకు బాధనిపించేది వేరొకటి. విడాకుల తర్వాత మొదటి భర్తని ఆ పిల్లల్ని చూడనివ్వలేదు. తండ్రి వెళ్లిపోతే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు కదా.

ఆ కథల్లో పిల్లలు టంగ్ శాండ్‌విచ్ తింటారు, బీరు తాగుతారు. మేం శాకాహారులం.

జింజర్ బీర్ బీరు కాదండీ. అల్లం సోడా. మన గోలీ సోడాకి చుట్టమనుకోండి. టంగ్ అంటే మాత్రం నాలుకే, ఎద్దు నాలుక. డబ్బాల్లో అమ్మేవారు. చదివినంత మాత్రాన మైల పడదు. అన్నట్టు, 'లాషింగ్స్ ఆఫ్ జింజర్ బీర్' అని ఆవిడ రాసిందని ఇంగ్లీషు వాళ్లే ప్రమాణం చేసి చెప్తారు. ఆ మాట ఆవిడ పుస్తకాల్లో ఎక్కడా లేదు. 1982లో టీవీలో ఆవిడని వెక్కిరిస్తూ తీసిన కార్యక్రమంలోది.

మా పిల్లలు ఒకసారి సొంతంగా రాసిన సాహసకథలో నలుగురు పిల్లలు, ఒక కుక్క రామతీర్థం కొండ ఎక్కుతారు. సంచిలో పులిహోర, భీమాలి మామిడి తాండ్ర. కథ సగంలో తాండ్ర మాయం. అనుమానితులు ముగ్గురు: ఒక కోతి, కుక్క, వాచ్‌మన్ గారు. దొంగ ఎవరో చెప్పను, బీరువా రెండో అరలో ఉంది, చదువుకోండి.

ఇవి చదివితే ఇంగ్లీషు వస్తుందా?

చదవడం అలవాటవుతుంది, పేజీలు భయం లేకుండా తిప్పుతారు. అది చిన్న విషయం కాదు. మాట్లాడే ఇంగ్లీషు మాత్రం దీంట్లోంచి నేర్చుకుంటే 1950 నాటి దొరగారిలా మాట్లాడతారు. మా దగ్గరి ఒకబ్బాయి స్కూల్లో టీచర్‌తో "ఐ సే!" అని మొదలుపెట్టాడట.

తెలుగులోకి అనువదించి అచ్చేసుకోవచ్చా?

అనుమతి లేకుండా కుదరదు. మన దేశంలో రచయిత పోయిన తర్వాతి సంవత్సరం నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఆమె 1968లో పోయింది కాబట్టి 2028 డిసెంబరు ఆఖరు దాకా ఆగాలి. ఇంగ్లండ్‌లో అయితే 70 ఏళ్లు, అక్కడ ఇంకో పదేళ్లు ఎక్కువ. ఈలోపు నోటితో చెప్పుకోండి. నేను చేసేది అదే.

చివరికి ఏమంటారు, ఇస్తారా ఇవ్వరా?

ఇస్తాను. నోడీ ఐదేళ్లు దాటిన వాళ్లకి, సీక్రెట్ సెవెన్ మూడో తరగతి నుంచి, ఫేమస్ ఫైవ్, మలోరీ టవర్స్ ఆ పై వాళ్లకి. ఒకసారికి ఒక్కటే. రెండు వారాల్లో తేవాలి. అట్ట ఊడితే చెప్పండి, జిగురు నా దగ్గరుంది.

ఆ నల్ల బొమ్మ కథ ఉన్న పుస్తకం మాత్రం బీరువాలో ఉండదు, నా బల్ల సొరుగులో ఉంటుంది. ఇంటికివ్వను. వినాలనుకుంటే ఆదివారం తొమ్మిదిన్నరకి పిల్లతో పాటు మీరూ రండి, స్కూటీ ఇంజను ఆపి.